మూషిక పంచనామా

చెన్నై మెరీనా పోలీసులు 2020లో ఇద్దరిని పట్టుకున్నారు. 22 కిలోల గంజాయితో సహా. 2023 జులైలో కోర్టు ఇద్దరినీ వదిలేసింది.

సరుకేదయ్యా అంటే, ఎలుకలు తినేశాయన్నారు మరి!

కోర్టుకు చేరింది 50 గ్రాములు. మిగతాది దాదాపు అంతా వినాయకుడి వాహనానికి నైవేద్యం.

సాక్షులు అడ్డం తిరగడం మనకు అలవాటే. సాక్ష్యమే కలుగులోకి దూరడం కొత్త.

కొత్త అనడానికీ లేదు లెండి. 2022లో మథుర పోలీసులూ కోర్టులో ఇదే పాట పాడారు. అక్కడి లెక్క ఏకంగా 581 కిలోలు! ఉత్తరాది ఎలుకల అరుగుదలే వేరు.

లక్క సీలు, పంచుల సంతకాలు చూస్తే మనుషులు జంకుతారేమో గానీ, ఎలుకకు చదువేదీ?

అంత మేసీ మత్తులో తూలుతూ ఒక్క ఎలుకైనా దొరికినట్టు వినలేదు. పరారీలో ఉన్నట్టు చూపించి లుకవుట్ నోటీసు ఇస్తే పోలా?

ఠాణాకో పిల్లికి పోస్టింగ్ ఇద్దామంటారా?

బాగానే ఉంది. రేపు ఎండుచేపల దొంగతనం కేసొస్తే, సరుకు ఎవరి కస్టడీలో పెడతారు?