పిల్లలు ముట్టని పుస్తకాలు కొనే విధానం

అశోకా రోడ్డు ఆంధ్రా భవన్ క్యాంటీన్లో ఆదివారం బిర్యానీ కోసం వరసలో నిలబడ్డ తల్లిదండ్రులారా, పిల్లల దసరా సెలవుల పుస్తకాల సంగతి అక్కడే తేల్చేయండి. ఫోన్ తీసి, అమెరికా వాళ్ల శరత్కాలపు జాబితా ఏదో ఒకటి చూసి, అట్ట మీద ఎర్రటి మేపుల్ ఆకులూ గుమ్మడికాయా ఉన్నదానికి ఆర్డర్ పెట్టండి. ఢిల్లీలో వేపా రావీ ఆకు రాల్చేది ఫిబ్రవరి దాటాక కదా, అక్టోబరులో వీధంతా ఘాటుగా కమ్మేసేది ఏడాకుల పొన్న పూత కదా అని పిల్లవాడు అడుగుతాడు. పుస్తకంలో ఉన్నదే ఋతువని చెప్పండి. కిటికీలోంచి కనబడేది పరీక్షలో రాదు.

తెలుగు పుస్తకం కూడా ఒకటి ఉండాలి, భాషాభిమానం ఖాతాలో. పిల్లకి మాట్లాడటమే గానీ చదవడం రాదా? మరీ మంచిది. లావుపాటి గ్రాంథికం కొనండి, పదేళ్లయినా నలగదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం జోలికి మాత్రం వెళ్లొద్దు. బొమ్మలెక్కువ, అక్షరాలు తక్కువ, పైగా చవక. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారు? కార్టూనిస్టు శంకర్ 1957లో పెట్టిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ ఐటీవో దగ్గరే ఉంది. అక్కడ బొమ్మల మ్యూజియం కూడా ఉంది కాబట్టి పిల్లలు ఇంటికి రామంటారు, జాగ్రత్త. ఫిరోజ్‌షా రోడ్డులోని సాహిత్య అకాడమీ 2010 నుంచీ తెలుగుతో సహా 24 భాషల్లో బాలసాహిత్యానికి పురస్కారాలిస్తోంది. ఆ పుస్తకాల పేర్లు జనరల్ నాలెడ్జి నోట్సులోకి ఎక్కించండి. చదివించడం వేరే పని.

లోపలి సరుకు కూడా చూసుకోవాలి. ముళ్లపూడి ‘బుడుగు’ వద్దే వద్దు, పెద్దవాళ్ల మీద అభిప్రాయాలున్న కుర్రాడు ఇంట్లో ఒకడు చాలు. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’ బడి ఎగ్గొడతాడు. ‘రైలుబడి’ ఇంకా ప్రమాదం. ఒక బడి వాళ్లు పంపించేసిన టోటో చాన్‌ని కూర్చోబెట్టుకుని, కొత్త బడి హెడ్మాస్టరు నాలుగు గంటలు ఆ పిల్ల కబుర్లు వింటాడు. మీ వాడూ అలా వినమంటే ఆఫీసుకెవరు వెళతారు? నామిని కథల్లో ఉన్నది చిత్తూరు పల్లె మాట, అంటే నాయనమ్మ మాట. అది పిల్లల నోట రాకుండా చెయ్యడానికి ఇప్పటికే చాలా ఖర్చు పెట్టుంటారు.

పదమూడు దాటినవాళ్లకి కథలు దండగ. యండమూరి ‘విజయానికి అయిదు మెట్లు’ చేతిలో పెట్టండి. ఆయనదే ‘తులసిదళం’ మాత్రం బీరువా పై అరలో, వెనక్కి తిప్పి దాచండి. (ఈ ఒక్క చిట్కా ఎందుకో ఎప్పుడూ ఎదురుతిరుగుతుంది. మా తరంలో సగంమందికి చదివే అలవాటు అబ్బింది ఆ పై అర దగ్గరే.)

మూలా నక్షత్రం నాడు పుస్తకాలు సరస్వతి ముందు పెడతాం కదా, అక్కడ పిల్లల తెలివి కనిపెట్టండి. లెక్కల పుస్తకం పూజలో పెట్టేసి, విజయదశమి దాకా ముట్టుకుంటే పాపమని శాస్త్రం చెబుతారు. మీరు కథల పుస్తకాలన్నీ పెట్టించి, లెక్కలది బల్ల మీదే ఉంచండి. దశమి వెళ్లాక తియ్యడం మరిచిపోయినా అమ్మవారేమీ అనుకోదు.

దీపావళి తర్వాత పొగ కమ్మి బళ్లు మూసేస్తే ఆన్‌లైన్ క్లాసులుంటాయి, ఆ నాలుగు రోజులకీ ఢోకా లేదు. అవయ్యాక కూడా పుస్తకం కావాలని మారాం చేస్తే ముందు చేతులు కడుక్కురమ్మనండి. వచ్చేలోపు ఫోన్ ఛార్జింగ్ నిండుతుంది.