ఓనరు మనోడే

"ఓనరు మనోడే" అంటూ హోటల్ గడప దాటే మనిషి మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఊరికొకడు ఉంటాడు. జింగనూరు వైపు ఇద్దరు ముగ్గురున్నా ఆశ్చర్యం లేదు. వయసు నలభైకి అటూ ఇటూ. జేబులో ఎవరిదో భూమి సాత్‌బారా జిరాక్సు, చంకలో సంచీ. తన పని మీద కన్నా పక్కవాళ్ళ పనుల మీదే తహసీలు కచేరీ మెట్లు ఎక్కువసార్లు ఎక్కి ఉంటాడు. హోటల్లో గిరాకీగా కూర్చోవడం ఇతనికి చేతకాదు. డబ్బిచ్చి తినే చోట కూడా తానే ఇంటాయన, వెంట వచ్చిన దోస్తు చుట్టం. మిగతా అలవాట్లన్నీ ఇక్కడినుంచి పుట్టినవే.

జింగనూరు వంటి అడవి ఊళ్ళలో ఈ గుణం అంతగా బయటపడదు. అక్కడ హోటలంటే చాయ్, భజ్యా, పోహా దొరికే రేకుల పందిరి. దాన్ని నడిపేవాడు నిజంగానే ఊరందరికీ మనోడు కాబట్టి ప్రత్యేకించి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. బ్యాంకు, కచేరీ, దవాఖానా పనులకు సిరొంచ వెళ్ళినప్పుడే మనిషి వికసిస్తాడు. ఎస్టీ బస్సు దిగాక ఎదురుగా కనబడే హోటళ్ళను దాటించి, మిట్టమధ్యాహ్నం ఎండలో దోస్తును నడిపించి, బజారు చివర ఇంకోదానికి తీసుకుపోతాడు. దాటేసిన హోటళ్ళ ఓనర్లు పరాయివాళ్ళని కాదు. ఈ చివరివాడు "ఇంకా మనోడు".

ఆ చుట్టరికం తేల్చడం తేలిక పని కాదు. సిరొంచకు ఒక పక్క ప్రాణహిత, ఒక పక్క గోదావరి, తూర్పున ఇంద్రావతి. నదులు రాష్ట్రాలను విడదీశాయి గానీ పెళ్ళిళ్ళను ఆపలేకపోయాయి. వంతెనలు పడకముందు నావల మీద పోయిన పెళ్ళివారు ఇప్పుడు జీపుల్లో పోతున్నారు, అంతే తేడా. అందుచేత ఓనరు తోడల్లుడిది నది అవతలి చెన్నూరు అయి, ఇతని మేనత్తను మంథనిలో ఇచ్చి ఉంటే వరస కలపడానికి అది చాలు. ఎటునుంచీ కలవకపోతే 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఇద్దరూ ఒకే ఘాటులో మునిగిన సంగతి బయటికి వస్తుంది. ఆ పన్నెండు రోజుల్లో అక్కడ మునిగినవాళ్ళందరితోనూ ఇతనికి బంధుత్వం ఉన్నట్టే.

లోపలికి అడుగుపెట్టాక ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చోడు. పరదా కట్టిన ఫ్యామిలీ గదే కావాలి. "ఫ్యామిలీ ఉన్నోళ్ళకే అన్నా" అని వడ్డించే పిల్లవాడు గొణిగితే, "మేమిద్దరం ఫ్యామిలీ గాదారా? పో, నీళ్ళు పట్కరా" అని కసురుతాడు. నిజానికి గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. గోదావరి దాటితే బార్ల బోర్డుల మీద "ఫ్యామిలీ సెక్షన్ కలదు" అని విడిగా రాసుకోవాలి. ఇవతల, కాగితం మీదైనా, ప్రతి హోటలూ ఫ్యామిలీ హోటలే. అయినా పరదా లోపల కూర్చుంటేనే మర్యాద దక్కినట్టు. ఉక్కపోత, తిరగని ఫ్యాను, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలే ఇరుకు, అవన్నీ దోస్తుకు. ఇతను ఎలాగూ అక్కడ నిమిషం కూర్చోడు.

మెనూ కార్డు ముట్టుకోవడం ఇతని దృష్టిలో అవమానం. కార్డు మరాఠీలో ఉంటుంది, ఇతనికి చదవడం బాగా వచ్చు. కానీ మనోడి ఇంట్లో కార్డు చూసి అన్నం అడుగుతారా? "ఏమున్నయ్‌రా?" అంటాడు. పిల్లవాడు దాల్ తడ్కా నుంచి చికెన్ మసాలా దాకా ఒప్పజెబుతాడు. "ఇంకా?" అండా కరీ, జీరా రైస్. "ఇంకా?" పిల్లవాడి దగ్గర సరుకు అయిపోయాక, జాబితాలో లేని పచ్చిపులుసు కావాలంటాడు. లేదన్న జవాబు పరాయివాళ్ళకే వర్తిస్తుంది గనుక తానే వంటగదిలోకి నడుస్తాడు. ఆర్డరు తెలుగులో మొదలై, హిందీలోకి మారి, లోపల ఎవరైనా మాడియా గోండు కుర్రవాడు దొరికితే గోండీలో కూడా సాగుతుంది. చింతపండు పిసికిన చేత్తో బయటికొచ్చి, పచ్చిమిర్చి కాల్చే పని వాళ్ళకు అప్పగించానని దోస్తుకు భరోసా ఇస్తాడు. ఈలోగా తరవాత వచ్చిన రెండు బల్లలవాళ్ళు తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. వాళ్ళు ఓనరుకు ఏమీ కారు.

దోస్తుకు అసలు కష్టం భోజనం వచ్చాకే. మామూలు గిరాకీ పప్పులో ఉప్పు లేదని అరవవచ్చు, చల్లారిన చపాతీని తిప్పి పంపవచ్చు. మనోడి హోటల్లో ఆ హక్కు ఉండదు. దోస్తు మొహం చిట్లించకముందే ఇతని వకాల్తా మొదలవుతుంది: వంటమనిషి ఇంట్లో పెళ్ళి, నిన్నటినుంచి కరెంటు సరిగ్గా లేదు, ఈసారి పప్పే అట్లా వచ్చింది. మాట్లాడుతూనే తన పళ్ళెంలోని అప్పడం దోస్తు పళ్ళెంలో వేస్తాడు, అడగని అన్నం పెట్టిస్తాడు, "గింతేనా తినుడు?" అని నొచ్చుకుంటాడు. మధ్యలో లేచి పక్క బల్లకు నీళ్ళు పోసి వస్తాడు. వాళ్ళు ఇతన్ని పనివాడనుకుని ఉల్లిపాయ అడుగుతారు. తెచ్చిస్తాడు కూడా. ఆ రోజు మొత్తంలో ఇతని మొహం వెలిగిపోయే ఘట్టం అదే.

ఇన్ని తెలిసీ మళ్ళీ మళ్ళీ ఇతని వెంటే నడిచేవాళ్ళకు కారణం లేకపోలేదు. వానాకాలంలో వాగు పొంగి జింగనూరు బస్సు ఆగిపోయిన సాయంత్రం, పొద్దున దాటించేసిన ఆ హోటళ్ళవాళ్ళు ఎవరూ పక్క పరచరు. ఇతనికి మాత్రం ఎక్కడో ఒక మేనత్త ఆడబిడ్డ ఇల్లు ఉంటుంది. అక్కడ రాత్రి పదింటికి వేడి అన్నం, మడతమంచం, పొద్దున్నే ఎవరిదో ట్రాక్టరులో చోటు. దవాఖానాలో చేర్చిన మనిషికి వేళకు టిఫిన్ డబ్బా అందించేదీ ఇతనే. ఆ డబ్బా పప్పులోనూ ఉప్పు ఉండదు.

ఇలాంటి గిరాకీని ఎలా వాడుకోవాలో హోటల్ నడిపేవాళ్ళకు బాగా తెలుసు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి "అన్నా, సిలిండర్ తెచ్చుకుంట, జర గల్లా చూడు" అని ఓనరు బండెక్కుతాడు. "నువ్వు జేబుల చెయ్యి పెడితే చూడు" అని అప్పటిదాకా దోస్తును బెదిరించినవాడు గల్లా వెనక కుర్చీలో కూర్చోగానే ఇంకో మనిషి. ఎవరైతే ఏం, లెక్క లెక్కే. తన భోజనంతో కలిపి రెండు వందల అరవై అని చీటీ రాసి, "మనోడు గాబట్టి జీఎస్టీ ఎయ్యలే" అని గుర్తుచేస్తాడు. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్ళు ఆ పన్నును గిరాకీ దగ్గర వసూలు చేయకూడదు. అది ప్రభుత్వం పెట్టిన షరతు గానీ పుష్కరాల చుట్టరికం చేసిన మేలు కాదు. దోస్తు మూడు వందలిస్తే ముప్పై తిరిగి వస్తుంది, మిగతా పదికి చాక్లెట్లు. గల్లాలో చిల్లర లేక కాదు. ఉన్నది ఇచ్చేస్తే సాయంత్రం గిరాకీకి ఓనరు ఇబ్బంది పడతాడు.