టికెట్ తియ్యనివాడు వలస పోలేదు

ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి పెద్దలు 2024 డిసెంబరులో దేశానికి చల్లని కబురు చెప్పారు. వలసలు తగ్గాయి. 2011లో 45 కోట్ల 57 లక్షలున్న వలసదారులు 2023 నాటికి 40,20,90,396కి దిగారు. ఆ చివరి 96 మంది కూడా ఎక్కడా తప్పిపోకుండా లెక్కలోకి వచ్చారు. ఊళ్లకు దగ్గర్లోనే బడి, ఆసుపత్రి, రోడ్డు బాగుపడ్డాయి కనుక జనం కదలడం మానేసి ఉంటారని పెద్దల ఊహ. 2021లో జరగాల్సిన జనగణన అప్పటికింకా మొదలే కాలేదు. దాని బదులు జనరల్ బోగీ టికెట్లు, సెల్‌ఫోన్ రోమింగు, బ్యాంకుల్లో డబ్బు కదలికలు చూసి ఈ అంకె తేల్చారు.

ఇది తెలియక కర్నూలు పడమటి పల్లెలు ఇన్నాళ్లూ అనవసరంగా బాధపడ్డాయి.

కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల జనం ఏటా సుగ్గికి, అంటే కోతల పనికి వలస, పోతారు. పక్కనే తుంగభద్ర పారుతుంది, చేలు మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూస్తుంటాయి. గుంటూరు వైపు మిర్చి కోతలు మొదలవుతున్నాయని కూలీలను కుదిర్చే మేస్త్రీ కబురు పెడితే ఊళ్లోకి లారీ వస్తుంది. బియ్యం మూటలు, గిన్నెలు, బొంతలు ముందు ఎక్కుతాయి. వాటి మీద ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. బడికి పోవాల్సిన పిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని కూర్చుంటుంది, తోటలో వాణ్ణి ఆడించాలి కదా. ఇంటి కాపలాకు ముసలివాళ్లు మిగులుతారు.

లారీకి టికెట్ లేదు. కాబట్టి వీళ్లు వలస పోలేదు.

ఫోన్ సంగతి చూద్దామన్నా అంతే. రాష్ట్రాలు విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం వాళ్లకు ఆంధ్ర, తెలంగాణ ఒకటే సర్కిల్. కోసిగి సిమ్ము గుంటూరు పోయినా, ఖమ్మం పోయినా రోమింగు పడదు. మనిషి నాలుగు వందల కిలోమీటర్ల అవతల మిరపకాయలు కోస్తుంటే ఫోను మాత్రం ‘స్వగ్రామంలో క్షేమం’ అంటుంది. బ్యాంకుకైతే అసలు కబురే అందదు. మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు పాత అప్పు తీర్చడానికే అయిపోయింది.

ఈ లెక్కన దేశంలో వలసలను అరికడుతున్న మహానుభావుడు లారీ డ్రైవరు. ఒక్క ట్రిప్పుతో నలభై మంది వలస రద్దు చేస్తున్నాడు. ఓవర్‌లోడు అని లారీ ఆపే పోలీసు అభివృద్ధి నిరోధకుడు. ఇక ఒడిశాలోని కాంటాబంజీలో రైలెక్కి మన ఇటుక బట్టీలకు వచ్చే కూలీల సంగతి చెప్పక్కర్లేదు. టికెట్ తీసి మరీ దేశం అంకెలు చెడగొడుతున్నారు. వాళ్లను టికెట్ లేకుండా ఎక్కనిచ్చే టీసీకి జాతీయ పురస్కారం ఇవ్వాలి. అసలు రైళ్లకు జనరల్ బోగీలే పీకేస్తే వచ్చే మార్చి నాటికి వలసలు సున్నా. దానికి సాగునీటి ప్రాజెక్టులూ అక్కర్లేదు, ఉపాధి హామీ బకాయిలు తీర్చే శ్రమా ఉండదు.

2020 ఏప్రిల్‌లో ఒక పన్నెండేళ్ల పిల్ల కూడా టికెట్ తియ్యలేదు. తెలంగాణ మిర్చి తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు, రైళ్లూ బస్సులూ ఆపేసిన లాక్‌డౌన్ రోజుల్లో, అడవి దారిన మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా చచ్చిపోయింది. ఆ సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మిక శాఖ జవాబిచ్చింది: ఊళ్లకు తిరిగెళ్లినవాళ్లు 1,04,66,152 మంది, దారిలో చచ్చిపోయినవాళ్ల లెక్క లేదు, కనుక పరిహారం ప్రశ్నే తలెత్తదు.

బతికినవాళ్లను ఒకట్ల స్థానం దాకా లెక్కపెట్టగలిగిన చేతికి శవాల దగ్గరే వేళ్లు చాలలేదా? రాష్ట్రం దాటించి అయిదుగురు, అంతకు మించి కూలీలను తీసుకుపోయే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కూలీ చేతిలో ఫొటోతో పాసుపుస్తకం పెట్టాలని 1979లోనే చట్టం చేశారు. 2024 నాటికే నలభై అయిదేళ్లయింది. దాన్ని నిజంగా అమలుచేసి ఉంటే ఎవరు ఎక్కడికి పోయారో, ఎవరి కింద పనిచేశారో, ఎవరు తిరిగిరాలేదో పేర్లతో సహా కార్మిక శాఖ బీరువాల్లోనే ఉండేది. అలా రాసిపెడితే కూలి ఎంతిచ్చారని, పన్నెండేళ్ల పిల్లను పనిలో పెట్టుకున్నదెవరని కూడా అడగాల్సి వస్తుంది. అందుకే రాయలేదు. ఇప్పుడు కూడా రాయడం లేదు.