మనసు నట్టు బిగించే కథలు

ముప్పై నాలుగేళ్లు ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. ఎక్కడ నట్టు వదులైందో చప్పుడు విని చెప్పగలను. మా తాత బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో సిక్కోలు వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత మా ఇంటి మగాళ్లందరి చేతికీ స్పానరే.

కిందటి చలికాలం మా ఆవిడ పోయింది. అప్పట్నించి ఎనిమిదేళ్ల మనవరాలు బుజ్జి సరిగ్గా తినదు, పెద్దగా మాట్లాడదు. బడి టీచరమ్మ, "కథలు చెప్పండి తాతగారూ. పాత్రల చాటున పిల్లలు తమ బాధ బయటపెట్టుకుంటారు" అంది. కథే కదా, నాలుగు రోజుల్లో బిగించెయ్యొచ్చనుకున్నాను. ఆ అనుభవంతో రాస్తున్న చిట్కాలివి. మీ ఇళ్లలోనూ వాడుకోండి.

1. నీతి ముందే చెప్పెయ్యండి

రాజుగారి మొద్దబ్బాయిల్ని దారిలో పెట్టడానికి విష్ణుశర్మకి ఆర్నెల్లు పట్టింది. నక్కలూ కాకులూ ఎలకలూ అంటూ సాగదీస్తే పట్టదూ మరి? "ఏడవకూడదు, అన్నం తినాలి. ఇదీ నీతి. ఇంక కథ విను" అని మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. "నక్క ఏటి చేసింది తాతా?" అంది బుజ్జి. నీతి చెప్పేశాక నక్కతో మనకేం పని?

2. సిగ్నలు మీ చేతిలోనే ఉంచుకోండి

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు ఒక గొల్ల కుర్రాణ్ణి తోడు తీసుకుని కాశీకి బయలుదేరతాడు. ఆ కుర్రాడు మజిలీ మజిలీకీ ఏదో వింత చూసి, దాని కథ చెబితేగాని కదలనంటాడు. చిన్నవాడి చేతికి సిగ్నలిస్తే ఇంకేముంది, కథ పన్నెండు భాగాలయింది! మా ఇంట్లో కథ ఎక్కడ ఆగాలో, ఎక్కడ కదలాలో నేనే చెప్తాను. బుజ్జి చెయ్యెత్తితే "ముందు విను" అంటాను. ఇప్పుడు చెయ్యెత్తడం మానేసింది. మంచి ఫలితమే.

3. గెలిచినవాడి కథే చెప్పండి

మా ఊళ్లో వీరుడి కోసం వెతుక్కోనక్కర్లేదు. 2001 నుంచి 2003 దాకా ధోనీ ఇక్కడే రైళ్లలో టికెట్లు తనిఖీ చేశాడు. తర్వాత 2011లో ప్రపంచకప్పే తెచ్చాడు. "చూశావా, అంతటివాడు ఎలా పైకొచ్చాడో! నువ్వు ఈ మాత్రానికే డీలా పడితే ఎలా?" అన్నాను. "ధోనీకి కూడా నాన్నమ్మ పోయిందా?" అని అడిగింది. ధోనీ మీద తీసిన సినిమాలో చూపించలేదన్నాను. అడ్డదిడ్డం ప్రశ్నలొస్తాయనే రెండో చిట్కా ముందు రాసింది.

4. తప్పులు అక్కడికక్కడే దిద్దండి

ఒక సాయంత్రం బుజ్జే కథ మొదలుపెట్టింది. "అనగనగా ప్రపంచంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫారం. దాని చివర ఒక ముసలమ్మ నిలబడుంది. ఎంత నడిచినా..." అంది. తప్పు కదా! ఒకప్పుడు ఆ పేరు మన ఖరగ్‌పూర్‌దే, నిజమే. కానీ మనది 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ వాళ్లు 1366 మీటర్లు కట్టారు. 2023లో హుబ్బళ్లి వాళ్లు 1507తో వాళ్లనీ దాటేశారు. ఇవన్నీ కాగితం మీద రాసిచ్చి, "ఇప్పుడు చెప్పు" అన్నాను. ముసలమ్మ సంగతి మర్చిపోయానంది. పోనీలెండి, లెక్కలైతే వచ్చాయి.

5. పేరు బెడదకి కాదు, పిల్లకే పెట్టండి

ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్ అని ఒకాయన ఉండేవాడు. న్యూజిలాండ్ ఆయన డేవిడ్ ఎప్స్టన్‌తో కలిసి 1990లో కథల వైద్యం మీద పుస్తకం కూడా వేశాడు. చెడ్డీలు పాడుచేసుకునే పిల్లాడొకడు వస్తే, వాణ్ణి తిట్టకుండా ఆ బెడదకే ఒక టక్కరి దొంగ పేరు పెట్టాడట. పిల్లాడూ ఇంటిల్లిపాదీ ఒక జట్టు కట్టి ఆ దొంగ మీద పడాలన్నమాట. అంత జట్టు కట్టే తీరిక ఎవరికుంది? "గొంతులో పిల్లి కూర్చుంది తాతా, లెమ్మంటే లేవట్లేదు" అంది బుజ్జి. "గొంతులో పిల్లులుండవు, టాన్సిల్స్ ఉంటాయి" అని ఉప్పునీళ్లు పుక్కిలింపించాను. మూగమొద్దు అని ముద్దుపేరు కూడా పెట్టాను.

6. తెర లాగెయ్యండి

తోలుబొమ్మలాటలో బంగారక్కా జుట్టుపోలిగాడూ ఊరి పెద్దల్ని ఎంతెంత మాటలంటారో! మనిషి నోటితో అంటే గొడవలయ్యే మాటలు అవి. బొమ్మ అంటే పెద్దలే ముందు నవ్వుతారు. తెర ఉంది కాబట్టే ఆ సాగుబాటు. మీరు మోసపోకండి. మా మథురాకాటిలో పక్కింటి బెంగాలీ ఆవిడ బుజ్జికి ఠాకుర్‌మార్ ఝులి చదివి వినిపించింది. 1907లో దక్షిణారంజన్ మిత్ర మజుందార్ అచ్చువేసిన కథలు. ఆ పేరుకి నాన్నమ్మ సంచి అని అర్థం. మర్నాడు బుజ్జి సగం తెలుగు, సగం బెంగాలీలో ఏదో అల్లింది. ఎవరూ వినకపోతే దానంతటదే మూతి బిగించుకునే సంచి కథ. "ఆ సంచి మీ నాన్నమ్మదే కదూ? ఆవిడ గురించే కదూ చెప్తున్నావు? ఒప్పుకో!" అని పట్టేశాను. సంచి మూతి బిగుసుకుంది.

7. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లకండి

14416కి ఫోన్ చెయ్యండని టీచరమ్మ మళ్లీ చెప్పింది. టెలీ మానస్ అట, మనసులో బాధ చెప్పుకునే ఫోన్ లైను, 2022లో ప్రభుత్వం పెట్టింది. తెలుగులోనూ మాట్లాడతారట. అసలు చిక్కంతా అక్కడే. వాళ్లు మాట్లాడ్డం కన్నా వినడం ఎక్కువ చేస్తారేమో. వినడం కూడా ఒక పనేనని ఇంట్లోవాళ్లకి తెలిస్తే మన పరువేం కాను?

8. ధైర్యవంతుడి కథ చెప్పండి

ఇది మాత్రం నేను సొంతంగా అల్లింది. అనగనగా ఒక కార్ఖానాలో ఒక ఫిట్టరు. భార్య పోతే కంట తడి పెట్టలేదు. మర్నాడు కూడా నాలుగింటికే లేచి, స్టవ్వు వెలిగించి, రెండు గ్లాసుల టీ పెట్టి, ఒకటి తాగి, రెండోది తులసి మొక్క మొదట్లో పోసి పనిలో పడ్డాడు. ఆ మర్నాడూ అంతే. ఇవాళ్టికీ అంతే. ఇందులో నీతేమిటంటే, అని నేను నోరు తెరిచేలోగా బుజ్జి అడ్డొచ్చింది.

"తాతా, ఒక్కడే కదా. రెండు గ్లాసులెందుకు?"

కథలో చిన్న పొరపాటు దొర్లింది. దిద్దుదామనుకున్నాను గానీ మాట పెగల్లేదు. నాకూ టాన్సిల్స్ వాచినట్టున్నాయి.

బుజ్జి చాలాసేపు ఊరుకుంది. ఆ ఫిట్టరు నువ్వేనా అని మాత్రం అడగలేదు. తెర లాగడం ఈ పిల్లకి ఇంకా చేతకాలేదు, నేర్పాలి. కాసేపటికి, "రేపట్నించి మొక్కకి పొయ్యొద్దని ఆ ఫిట్టరుకి చెప్పు. రెండోది నేను తాగుతానని చెప్పు" అంది.

చెప్పాను. చిన్నపిల్ల కదా, పాలు కొంచెం ఎక్కువ పొయ్యమని కూడా చెప్పాను.