జర ఎంగిలి పడు

బాన్సువాడలో డాక్టరు నా షుగర్ రిపోర్టు చూసి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. అంకె మారలేదు. "పగటికి రెండు రొట్టెలు, రాత్రికి ఒకటి. నడుమ ఏం ముట్టొద్దు" అన్నాడు. మంచి మనిషే. కాకపోతే ఆయనది మా బీర్కూర్ కాదు. అయితే గనక "నడుమ" అన్న మాట అంత ధైర్యంగా అనేవాడు కాదు. మా దగ్గర తిండంతా జరిగేది ఆ నడుమనే.

ఆకలి మీద నాకు అదుపుంది. దేవుని తోడు, నాలుక మీద కూడా ఎంతో కొంత ఉంది. లేనిదల్లా ఒక్క మాట మీదే: "జర ఎంగిలి పడి పోరాదు." ఎంగిలి పడటమంటే నోట్లో ఓ ముద్ద వేసుకోవడం. ముద్ద ఎంతదో ఆ మాటలో ఎక్కడా లేదు. అది పెట్టేవాళ్ళ ఇష్టం. కాదంటే తిండిని కాదన్నట్టు కాదు, ఇంటిని కాదన్నట్టు. అప్పు అడగబోయినా ఎంగిలి పడాలి, ఇచ్చిన అప్పు వసూలుకు పోయినా పడాలి. వసూలుకు పోయినప్పుడు మరీ గట్టిగా పెడతారు. కడుపు నిండిన వాడికి బాకీ మాట గొంతులోంచి రాదని మా వాళ్ళకు తెలుసు. యాటకూర తిని వాయిదా ఇచ్చి వచ్చిన సందర్భాలు నాకు మూడున్నాయి.

ఈ పొట్టలో నా తప్పెంత, నిజాం తప్పెంత అని ఓ రోజు తీరిగ్గా లెక్క తీశాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో అయిపోయింది. అంతకు ముందు మా తాతలకు తిండంటే జొన్న రొట్టె. వరి బువ్వ పండుగ నాటి ముచ్చట. కాలువ వచ్చి రోజూ పండుగ చేసింది. ఆ నీళ్ళ వెంట కోస్తా రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు, వాళ్ళ వెంట అరిసెలూ గోంగూర పచ్చడీ వచ్చాయి. మంజీర దాటి ఇంకాస్త పోతే మహారాష్ట్ర. అటు నుంచి వచ్చిన కోడళ్ళు పోలె మీద నెయ్యి ఎంత ధారాళంగా పొయ్యొచ్చో చూపించారు. సకినాలు మాకు ముందే ఉన్నాయి. సంక్రాంతికి మూడు తీర్ల పిండివంటలు ఒక్క కడుపులో కలిసే చోటు మాది.

ఇది చాలదన్నట్టు 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒక పక్క అన్నం, ఒక పక్క చక్కెర. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడింది. కార్మికుల గోస వేరే, అది నవ్వే కథ కాదు. నా వరకు చెప్పాలంటే, చక్కెర తయారీ అక్కడ ఆగింది గాని నాలో ఆగలేదు.

అదే 2015లో రాజేంద్రనగర్ శాస్త్రవేత్తల తెలంగాణ సోనా వచ్చింది. ఆర్ఎన్ఆర్ 15048. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర. తిన్న అన్నం నెత్తుట్లోకి చక్కెరగా జర నిమ్మళంగా దిగుతుందన్నమాట. మా బామ్మర్ది ఓ బస్తా దింపి, "బావా, ఇవి షుగర్ బియ్యం, భయం లేకుండ తిను" అన్నాడు. ఆ "భయం లేకుండ" నా కొంప ముంచింది. షుగర్ బియ్యమే కదా అని రెండోసారి, నిమ్మళంగా దిగుతాయి కదా అని మూడోసారి పెట్టించుకున్నాను. బస్సు మెల్లగా పోతుందని వందమందిని ఎక్కిస్తే, ఆలస్యంగానైనా దిగేది వందమందే కదా. మూడు నెలలకు రిపోర్టులో అందరూ దిగారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 క్యాలరీల పళ్ళెం ఒకటి గీసి పెట్టింది. రోజు మొత్తానికి బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు; కూరగాయలు 400. మా ఆవిడకు చదివి వినిపించాను. "పావుకిలనా? అది కోళ్ళకేసే లెక్కయ్యా" అని చేట అందుకుంది.

దావత్‌ల సంగతి వేరే చెప్పాలి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందట, అందుకే మెల్లగా నమిలి తినమంటాడు డాక్టరు. మా ఫంక్షన్ హాళ్ళలో బంతి లేవడానికి పదిహేను నిమిషాలు. తరవాతి బంతి వాళ్ళు మన కుర్చీ వెనకే నిలబడి, మన ఎముక ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటారు. కబురు చేరేసరికి నేను చేతులు కడుక్కుని పాన్ దగ్గరుంటాను.

పైగా "సాలు" అన్న మాటకు మా దగ్గర విలువ లేదు. మొదటి సాలు మర్యాదకని వడ్డించేవాడు వినడు. రెండో సాలుకు, మొహమాటపడుతున్నాడని ఇంకో గంటెడు వేస్తాడు. మూడో సాలుకు వంటశాల వైపు తిరిగి "అన్నకు మంచి ముక్కలు తేరా" అని కేకేస్తాడు. చెయ్యి అడ్డం పెట్టి చూశాను. వేళ్ళ సందులోంచి పోశాడు. చారు కాబట్టి సరిపోయింది.

పొద్దున నడక కూడా పెట్టాను. మంజీర దిక్కు పోతూ దమ్మున్న మనిషినే; వచ్చేటప్పుడే బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల మూకుడు ఎదురవుతుంది. దారి మార్చాను. గాలి మారలేదు. శనివారం తిమ్మాపూర్ వెంకన్న గుడికి పోతే ప్రసాదం. వద్దంటే ఆయనకు కోపం, తింటే డాక్టరుకు. డాక్టరును మూడు నెలలకోసారే చూస్తాను.

చివరికి మా ఆవిడ సకినాల డబ్బా దాచింది. వారం రోజులు ఓర్చుకున్నాను. ఎనిమిదో రాత్రి అందరూ పడుకున్నాక లేచాను. స్టీలు డబ్బా మూతకు చప్పుడు లేకుండా రావడం చేతకాదు; అందుకే గోటితో ఎట్లా లేపాలో పడుకునే ముందు చెంబు మీద సాధన చేశాను కూడా. చీకట్లో తడుముకుంటూ వంటింట్లోకి పోతే, బియ్యం డ్రమ్ము పక్క నుంచి కరకరమని చప్పుడు. ఎలుకేమో అని లైటు వేశాను.

మా ఆవిడ. ఒళ్ళో డబ్బా, చేతిలో సగం సకినం.

"ఇదేందే?" అన్నాను.

"మెత్తవడ్డయేమోనని చూస్తున్న." నా దిక్కు చూసింది. గోడ గడియారం దిక్కు చూసింది. "నిలవడ్డవేంది? కూసో. జర ఎంగిలి పడు."