బాధ్యతలు పిల్లాడివి, ఫీజులు బడివి

జూన్ రాగానే లక్సెట్టిపేటలో రెండు చోట్ల జనం ఎగబడతారు. ఒకటి విత్తనాల దుకాణం, రెండోది ప్రైవేటు బడిలో పుస్తకాలమ్మే కౌంటరు. పత్తి గింజల ప్యాకెట్టు మీద కంపెనీ పేరు, లాటు నంబరు, నూటికి ఎన్ని మొలుస్తాయో అచ్చేసి ఉంటుంది. మొలవకపోతే రైతు ఆ ప్యాకెట్టు పట్టుకుని వ్యవసాయాఫీసు ముందు కూర్చోవచ్చు. బడి కౌంటరులో పుస్తకాలతోపాటు డైరీ అని ఒకటిస్తారు. అందులో మొలకెత్తే బాధ్యత మొత్తం గింజదే.

ఆ డైరీలో ఆరో తరగతి హిందీ పీరియడుకు ప్రత్యేకంగా ఒక పేజీ ఉంటుంది. పేజీ అంతా ఇంగ్లీషే. హిందీ క్లాసు సంగతి తెలుగు తల్లికి ఇంగ్లీషులో చెప్పడం! జాతీయ సమైక్యత అంటే ఇదే కాబోలు. నోటుబుక్కుకు ఖాకీ అట్ట వేయాలి. ఎర్ర గీతకు ఇవతల రాయకూడదు. డిక్టేషన్‌లో తప్పుపోయిన మాట పదిసార్లు రాసి తేవాలి. క్లాసులో నిశ్శబ్దంగా కూర్చోవాలి. క్లాసులో హిందీలోనే మాట్లాడాలి. ఈ చివరి రెండూ ఒకేసారి పాటించగల పిల్లాడెవడైనా ఉంటే వాడికి బడి దేనికి, హిమాలయాల్లో గుహ చాలు. అట్ట చిరిగితే ఫైను, డైరీ మరిచిపోతే ఫైను, ఇంటర్వెల్లులో తెలుగు నోట్లోంచి జారితే ఫైను. పేజీ అడుగున చుక్కల గీత, దాని మీద తండ్రి సంతకం.

తండ్రి దుబాయిలో ఉంటాడు. బీడీలు చుట్టే తల్లి చేటను పక్కకు జరిపి, చేతికంటిన తంబాకు దులుపుకుని డైరీ అందుకుంటుంది.

"గిండ్ల ఏం రాసిన్రురా?"

"ఏం లేదమ్మా, జర సంతకం పెట్టు."

నిజమే, వాడన్నది. ఆ పేజీలో ఏమీ లేదు. హిందీ చెప్పేదెవరు, వారానికి ఎన్ని పీరియడ్లు, వెనకబడిన పిల్లాణ్ణి ఎవరు, ఎప్పుడు కూర్చోబెట్టుకుని చెబుతారు, ఏడాది చివరికి వాడు ఎంత మాట్లాడగలగాలి, వీటి జాడ లేదు. టెక్సాస్‌లో మనవాళ్ల పిల్లలు ఏడో తరగతిలో స్పానిష్ తీసుకున్నా మొదటి వారంలోనే ఇంటికి ఇలాంటి కాగితం వస్తుంది, సంతకమూ అడుగుతారు. కాకపోతే అందులో టీచరు పేరు, ఈమెయిలు, మార్కులు వేసే పద్ధతి, బడి వదిలాక సందేహాలు తీర్చే వేళ కూడా ఉండటం అక్కడి రివాజు. మనవాళ్లకు ఆ కాగితంలో పిల్లాడి సగం నచ్చింది. టీచరు సగం విమానంలో బరువెక్కువైందేమో.

పోనీ, మన దేశంలో ఇలాంటి కాగితం ఎవరూ రాయలేదా అంటే, పార్లమెంటే రాసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో మూడో అధ్యాయం ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు, తల్లిదండ్రులకు విధులు పెట్టింది. నాలుగోది బడికి, టీచరుకు బాధ్యతలు పెట్టింది. 24వ సెక్షను ప్రకారం టీచరు వేళకు రావాలి, సిలబస్ పూర్తి చేయాలి, ఒక్కో పిల్లాడి స్థాయి కనిపెట్టి అవసరమైన వాడికి అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులను కలిసి మాట్లాడాలి. 17వ సెక్షను ప్రకారం కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు. పిల్లాడి బాధ్యతలకని ఒక్క అధ్యాయమూ లేదు. డైరీ అచ్చేసిన పెద్దమనిషి చట్టాన్ని తలకిందులుగా పట్టుకుని చదివినట్టున్నాడు, చదివితే. ఆ చట్టం వచ్చిన 2009లోనే కడప జిల్లా మైదుకూరులో ఒక బడి తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసింది. 2018లో మన తెలంగాణ బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది. ఇప్పుడు తెలుగు క్లాసులో తెలుగు తప్పనిసరి, క్లాసు దాటితే ఫైను.

ఇంతకీ డైరీలో పేరులేని ఆ హిందీ టీచరమ్మ సంగతి. ఆమె మీద నాకు కోపం లేదు. మే నెల ఎండలో కరపత్రాల కట్ట పట్టుకుని దండేపల్లి నుంచి ఇటు ఊరూరా ఇల్లిల్లూ తిరిగింది ఆమే. ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్టు. ఆ నెల జీతం వచ్చిందో లేదో అడక్కండి. జూన్‌లో బడి తెరిచాక హిందీ ఆమెదే, మధ్యాహ్నం జీకే ఆమెదే, సాయంత్రం పసుపు బస్సులో పిల్లల్ని లెక్కపెట్టి దించడమూ ఆమె పనే. ఆరేడు తరగతుల నోట్లు దిద్దుతూ ఒక్కొక్కడి స్థాయీ ఎప్పుడు కనిపెడుతుంది? అంచేత ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీద రాస్తుంది, పిల్లలు దించుకుంటారు, పరీక్షలో మళ్లీ దించుతారు.

సర్కారు బడి మెరుగా అంటే, అక్కడ టీచరు రావడానికే ముహూర్తం కుదరదు. 2017 తర్వాత టీచర్ల భర్తీ మళ్లీ జరిగింది 2024లో. మొత్తం 11,062 పోస్టులు, అందులో భాషా పండితులవి 727. తెలుగు, హిందీ, ఉర్దూ వగైరా అన్నీ కలిపి, 33 జిల్లాలకు. ఆ మధ్య ఏళ్లలో ఆరో తరగతిలో చేరినవాడు పది దాటి వెళ్లిపోయాడు. ఇక విద్యాహక్కు చట్టం కూడా ఈ ఒక్కచోట పిసినారితనం చూపింది. ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు–సైన్సుకు ఒకరు, సోషలుకు ఒకరు, భాషలకు ఒకరు ఉంటే కనీస ప్రమాణం తీరినట్టే. మూడు భాషలకు ఒక మనిషి!

ఆశల విషయంలో మాత్రం సర్కారు నిజాయితీని మెచ్చుకోవాలి. పదో తరగతిలో మిగతా అన్ని సబ్జెక్టులకూ పాసు మార్కులు 35 అయితే హిందీకి 20. ఐదేళ్లు చదివించి, నూటికి ఇరవై వస్తే చాలు నాయనా అని ముందే చెప్పేసింది. అదే పదో తరగతి లెక్కలో తెలుగు మొదటి భాష, హిందీ రెండోది, ఇంగ్లీషు మూడోది. డైరీలో మాత్రం మూడోదే ఏకైకం.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. లక్సెట్టిపేట పిల్లాడికి హిందీ అక్కరలేదా అంటే, బతుకుదెరువంతా దాంతోనే. దుబాయి క్యాంపులో వాళ్ల నాన్న మలయాళీతో, పాకిస్తానీతో, బీహారీతో మాట్లాడేది హిందీయో ఉర్దూయో. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లు బీహారు నుంచి వచ్చినవాళ్లు. మిల్లు పక్కన మామ కిరాణా కొట్లో సాయంత్రాలు కూర్చునే ఆరో తరగతి పోరడు వాళ్లకు ఖైనీ ప్యాకెట్టు అందిస్తూ, ఉద్దెర లెక్క చెబుతూ, "కల్ దేతా బోలా, ఆజ్ భీ నై దియా" అని నిలదీస్తాడు. బేరం, బాకీ, దబాయింపు అన్నీ వచ్చు. మర్నాడు క్లాసులో స్త్రీలింగం తప్పు రాశాడని వాడికే పదిసార్ల ఇంపోజిషను. దండేపల్లి, జన్నారం అడవంచు గూడేల నుంచి వచ్చే గోండు పిల్లాడికి ఇంట్లో గోండి, అంగట్లో తెలుగు, నాగోబా జాతరకు మహారాష్ట్ర చుట్టాలొస్తే మరాఠీ. డైరీ మొదటి పేజీలో 'మాతృభాష' ఎదురుగా 'తెలుగు' అని ముందే అచ్చేసి ఉంటుంది. వాడు నింపడానికి ఖాళీ కూడా లేదు.

ఇదిలా ఉండగానే ఇంకో ముచ్చట. 2020 జాతీయ విద్యావిధానం కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ కూడా నేర్పవచ్చంది. అంటే రేపో మాపో మన బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది, 'ఆరో తరగతి నుంచే స్పానిష్' అని. ఫీజులో ఒక గడి, డైరీలో ఒక పేజీ పెరుగుతాయి. చెప్పేది ఎవరంటారా? జీకే చెప్పే టీచరమ్మ ఉండనే ఉందిగా. పిల్లలకు ఒక్క హెచ్చరిక: కేంద్రీయ విద్యాలయాల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా మూడో భాషగా జర్మన్ చదువుతున్న పిల్లలకు 2014 నవంబరులో, ఏడాది నడిమధ్యన, అది తీసేసి సంస్కృతం పెట్టారు. నోటుబుక్కు అట్ట మార్చినందుకు అప్పుడు ఫైను ఎవరు కట్టారో మాత్రం తెలియరాలేదు.

కాబట్టి అమ్మలారా, ఈసారి పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు పిల్లాడి మార్కులు చూసి వాడి వీపు వెతక్కండి. ఆ పేజీ తిప్పి వెనక తెల్లకాగితం మీద తెలుగులోనే నాలుగు ముక్కలు రాయండి: హిందీ టీచరు పేరు, వారానికి ఎన్ని పీరియడ్లు, రానివాడికి ఎప్పుడు చెబుతారు, మార్చికల్లా నా కొడుకు ఏం మాట్లాడతాడు. కింద చుక్కల గీత గీసి కరస్పాండెంట్ సారు ముందు పెట్టండి. ఆయన సంతకం పెట్టిందాకా మీరు పెన్ను మూత తీయకండి.