ట్యాంకరు వెనక బొమ్మ

రాజమండ్రిలో మోరంపూడి కూడలి పక్కన, లారీలకు బోర్డులు రాసే కొట్లో పుట్టాను నేను. నలుచదరపు రేకుని మూల మీద నిలబెట్టి పైసగం తెలుపు, కిందిసగం నలుపు వేశారు. తెలుపులో రెండు గాజు గొట్టాలు వొంపుతున్నట్టు గీశారు. ఒకదాంట్లోంచి చుక్కలు చేతి మీద, రెండోదాంట్లోంచి లోహపు కడ్డీ మీద పడి రెంటినీ తొలిచేస్తుంటాయి. కింది మూలలో 8 అంకె. పక్క పలక మీద 1824 అని రాశారు. ఎనిమిది అంటే ఒంటినీ లోహాన్నీ తినేసే రసాయనాల తరగతి. 1824 అంటే ఐక్యరాజ్యసమితి పట్టికలో కాస్టిక్ సోడా ద్రావణం. ఆ ద్రావణాన్నే లై అంటారు. ఆనాటి నుంచీ ఒక లై ట్యాంకరు వెనక తిరుగుతున్నాను.

గోదారికి పడమటి పక్కన కాస్టిక్ కొత్త సరుకేమీ కాదు. కొవ్వూరులోనూ సగ్గొండలోనూ ఆంధ్రా షుగర్స్ వారు దాన్ని తయారుచేస్తారు. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే క్లోరిన్, హైడ్రోజన్‌లతో పాటు పుట్టేది ఇదే. సబ్బులకీ, బట్టల మిల్లులకీ, కాగితం గుజ్జుకీ ఇది లేనిదే పని నడవదు. మా బండి గామన్ బ్రిడ్జి ఎక్కినప్పుడల్లా వెనకొచ్చే మోటారు సైకిళ్ల వాళ్లు నా వంక ఓసారి చూసి, పక్కకి తప్పుకుని వెళ్లిపోతారు. ఈ బొమ్మ నాకెలా వచ్చిందో వాళ్లకి చెప్పాలని ఉంటుంది.

నా బొమ్మ వెనక కుందేళ్లున్నాయి. 1944లో అమెరికా ఆహార, ఔషధ శాఖలో పనిచేసే జాన్ డ్రెయిజ్, ఆయన సహచరులు ఒక పరీక్ష పద్ధతి ప్రకటించారు. తెల్ల కుందేలు వీపు మీద బొచ్చు కత్తిరించి, అర మిల్లీలీటరు మందు పట్టీతో అంటించి, చర్మం ఏమవుతుందో చూడడం. తర్వాత వచ్చిన నిబంధనలు దీనికి గడియారం కట్టాయి. మూడు నిమిషాలు తగిలితేనే చర్మం లోపలిదాకా చచ్చిపోతే అది అన్నిటికన్నా ఘోరమైన రకం. గంటలోపు చంపితే రెండో రకం, నాలుగు గంటలు పడితే మూడో రకం. ఆ కుందేలు నోరు విప్పి చెప్పుకోలేదు. దాని వీపు మీద తేలిన పుండునే మనుషులు అంకెలుగా మార్చుకున్నారు. నన్ను చూసి పక్కకి తప్పుకునే ప్రతి మనిషీ ఆ మూగజీవాలకి రుణపడి ఉన్నాడని నమ్ముతాను.

ఇప్పుడు ఆ బాధ చాలావరకు తప్పింది. లై లాంటిదానికైతే పీహెచ్ కొలిస్తే చాలు. 11.5 గానీ అంతకు మించి గానీ ఉంటే, కాదని రుజువయ్యేదాకా చర్మాన్ని తినేదిగానే లెక్క. తెలియని మందుల కోసం, ఆపరేషన్లలో మిగిలిన మనిషి చర్మపు కణాలతో గిన్నెల్లో పలచటి తోలు పెంచుతున్నారు. దాని మీద మందు మూడు నిమిషాలు, గంట ఉంచి కడిగేస్తారు. తర్వాత పసుపుపచ్చని రంగుమందు పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకి తిప్పుతాయి, చచ్చినవి తిప్పలేవు. మూడు నిమిషాలకే సగం పైగా కణాలు చస్తే తీర్పు వచ్చేసినట్టే. 2004లో ఓఈసీడీ అనే దేశాల కూటమి ఈ పద్ధతిని ఒప్పుకుంది. మన దేశం కూడా సబ్బులూ క్రీముల వంటివాటిని జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో నిషేధించింది.

అయితే ఏ ప్రయోగశాలా చెప్పని సంగతొకటి నా కళ్లముందే జరిగింది. ఒకచోట లోడు దింపుతుంటే గొట్టం బిగింపు వదులై మా క్లీనరు కుర్రాడి ముంజేతి మీదా చొక్కా మీదా లై చిమ్మింది. వాడు తువ్వాలుతో తుడుచుకుని వేళ్లు రాసుకుంటూ నిలబడ్డాడు.

"నొప్పేం లేదు బాబాయ్, సబ్బులాగా జారుతోందంతే."

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. "జారుతోందంటే నీ తోలే సబ్బవుతోందిరా! చొక్కా విప్పు, నడు!"

నిజంగా సబ్బే. కోనసీమ కొబ్బరినూనెలో కాస్టిక్ కలిపితే సబ్బు ఎలా గడ్డకడుతుందో, ఒంట్లోని కొవ్వుతోనూ లై అదే పని చేస్తుంది. యాసిడ్ పడితే పైన చర్మం గట్టిపడి పొరకట్టి కొంత అడ్డుకుంటుంది. లై అలా ఆగదు, మాంసకృత్తుల్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. మంట మాత్రం చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది. అదే దీని మోసం. ఐరోపా జాబితాలో 5 శాతమూ అంతకు మించీ ఉన్న కాస్టిక్ అంతా మూడు నిమిషాల రకంలోనే ఉంది. మా ట్యాంకర్లో ఉండేది 48 శాతం.

అక్కడున్న షవర్ గొలుసు లాగితే చుక్క రాలేదు. డ్రైవరు ఆలోచించలేదు. కుర్రాణ్ణి భుజం పట్టుకుని గోడవతల పంటకాలవలోకి దింపి, చెయ్యి నీళ్లలోనే ఉంచి, వాడు వణుకుతున్నా బయటికి రానివ్వలేదు. ఎవరో నిమ్మకాయ తెస్తే విసిరికొట్టాడు. పులుపు లైతో కలిస్తే వేడి పుట్టి గాయం పెరుగుతుందని ఆయనకి తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిపొడవునా క్యాను నీళ్లు పోయిస్తూనే ఉన్నాడు. చెయ్యి దక్కింది. మణికట్టు దగ్గర మచ్చ మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఆ కుర్రాడు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాల్వు దగ్గరికి రాడు. అన్నం క్యారేజీ స్టీలుది కొనుక్కున్నాడు, అల్యూమినియాన్ని లై కొరికేస్తుందని నా బొమ్మలోని కడ్డీ చూపించి డ్రైవరే చెప్పాడు. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మా డ్రైవరు గొట్టం బిగించేముందు షవర్ గొలుసు తానే లాగి చూస్తాడు. నీళ్లు రాకపోతే, గేటు దగ్గర ఎంత గొడవైనా సరే, లోడు దింపడు.